(10,10) నానోట్యూబ్ లాగితే మాడ్యులస్ 39 గిగాపాస్కల్ వస్తోంది, తప్పు ఎక్కడ?

ప్రశ్న: కర్బన_చాప

అందరికీ నమస్కారం. లామ్ప్స్‌లో (పరమాణువుల కదలికను లెక్కగట్టే ప్రోగ్రామ్) (10,10) సింగిల్ వాల్ కార్బన్ నానోట్యూబ్‌ను పొడవు వెంట లాగుతున్నాను. గ్రాఫీన్ పొరను ఏ దిశలో, ఎంత చుట్టారో ఈ అంకెల జత చెప్తుంది. లెక్క ఎక్కడో తేడా కొడుతోంది. సెటప్ ఇదీ:

పొటెన్షియల్ (పరమాణువుల మధ్య శక్తిని ఇచ్చే ఫార్ములా) ఎయిరెబో, కటాఫ్ 3.0, ఎల్‌జే (దూరపు ఆకర్షణ), టార్షన్ (బంధం మెలిక) పదాలు రెండూ ఆన్. బంధం పొడవు 1.42 ఆంగ్‌స్ట్రామ్‌తో కట్టిన ట్యూబు. 40 యూనిట్లు, అంటే 98.4 ఆంగ్‌స్ట్రామ్ పొడవు, 1600 పరమాణువులు. అడ్డంగా బాక్స్ 60 × 60 ఆంగ్‌స్ట్రామ్, మూడు దిశల్లోనూ పీరియాడిక్. మినిమైజ్ చేసి, 300 కెల్విన్ దగ్గర ఎన్‌వీటీలో (ఘనపరిమాణం, ఉష్ణోగ్రత స్థిరం) 20 పికోసెకన్లు నడిపి, ఆ తర్వాత ఫిక్స్ డిఫార్మ్‌తో జెడ్ దిశలో పికోసెకనుకు 0.001 చొప్పున లాగుతున్నాను. టైమ్‌స్టెప్ 0.5 ఫెమ్టోసెకను.

నా తలనొప్పులు ఇవి:

1. స్ట్రెస్–స్ట్రెయిన్ కర్వ్‌కు 0 నుంచి 5% స్ట్రెయిన్ (సాగుడు) వరకు గీత గీస్తే వాలు 39 గిగాపాస్కల్. పేపర్లలో ఒకచోట 1 టెరాపాస్కల్ అంటారు, ఇంకోచోట 5.5 అంటారు. నాది రెండిటికీ దగ్గర్లో లేదు.

2. స్ట్రెయిన్ సున్నా దగ్గరే పీజెడ్‌జెడ్ (అక్షం వెంట పీడనం) దాదాపు −5,500 బార్ చూపిస్తోంది.

3. కర్వ్ మామూలుగా వంగుతూ వెళ్లి, తెగబోయే ముందు ఒక్కసారిగా పైకి లేస్తోంది. గరిష్ఠం 9 గిగాపాస్కల్. తెగేది 30% దాటాకే.

4. ఇదే ట్యూబును నొక్కితే 6% దగ్గర గోడ ముడతలు పడింది. గోడ మందం 0.34 నానోమీటర్ పెట్టి సిలిండర్ షెల్ ఫార్ములాలో వేస్తే 29% రావాలి! 100 యూనిట్ల పొడవు ట్యూబయితే ముడతే లేదు, 1.5% దగ్గరే విల్లులా వంగిపోయింది.

పొటెన్షియల్ మార్చాలా, లేక నా చేతిలోనే తప్పుందా?

---

బార్_నుంచి_న్యూటన్

పొటెన్షియల్ జోలికి ఇప్పుడే పోకండి. మొదటి రెండూ మీ సెటప్‌లోవే.

లామ్ప్స్ ఇచ్చే పీజెడ్‌జెడ్ మొత్తం బాక్స్ ఘనపరిమాణంతో భాగించిన సంఖ్య. మీ బాక్స్‌లో ముప్పాతికకు పైగా శూన్యమే, దానికి బరువు మోసే పని లేదు. కాబట్టి స్ట్రెస్ అనే మాట పక్కన పెట్టి ముందు బలం తీయండి:

అక్షం వెంట బలం = −పీజెడ్‌జెడ్ × 60 × 60. ఒక బార్ × ఒక చదరపు ఆంగ్‌స్ట్రామ్ = 10⁻¹⁵ న్యూటన్.

మీ 5,500 బార్‌నే తీసుకుందాం. 5,500 × 3,600 × 10⁻¹⁵ అంటే సుమారు 19.8 నానోన్యూటన్. ట్యూబు చుట్టుకొలత 42.6 ఆంగ్‌స్ట్రామ్, అంటే 4.26 నానోమీటర్. భాగిస్తే మీటరుకు 4.65 న్యూటన్. దీన్ని 0.34 నానోమీటర్‌తో భాగిస్తే 13.7 గిగాపాస్కల్.

ఇంకో దారిలో చూస్తే, ట్యూబు గోడ అడ్డుకోత 42.6 × 3.4 = 144.8 చదరపు ఆంగ్‌స్ట్రామ్. బాక్స్ 3,600. నిష్పత్తి 24.9. మీ 39ని దీంతో గుణిస్తే 970 గిగాపాస్కల్. అంటే మీ ట్యూబు బాగానే ఉంది, భాగహారమే తప్పింది.

ఇక్కడ చాలామంది ఇంకో గోతిలో పడతారు. ట్యూబును గట్టి కడ్డీ అనుకుని, బయటి వ్యాసార్థం 8.48 ఆంగ్‌స్ట్రామ్‌తో పూర్తి వృత్తం వైశాల్యం వేస్తారు. అది 226 చదరపు ఆంగ్‌స్ట్రామ్, మాడ్యులస్ 0.62 టెరాపాస్కల్‌కు పడిపోతుంది. ఒక్కో పరమాణువుకు వొరొనొయ్ ఘనపరిమాణం (దానికే అన్నిటికన్నా దగ్గరగా ఉన్న చోటు) వేసి కూడటం అంతకన్నా ఘోరం. బయటి పక్క, లోపలి పక్క శూన్యమే కదా, ఆ గదులు దాన్నంతా మింగేస్తాయి, కూడితే మళ్లీ బాక్స్ ఘనపరిమాణమే వస్తుంది.

ఇక రెండోది. ఎయిరెబోకు నచ్చే బంధం పొడవు 1.42 కాదు, 1.40 దగ్గర. మీరు 1.42తో కట్టి, మినిమైజేషన్‌లో పరమాణువుల్ని మాత్రమే కదలనిచ్చారు, బాక్స్ పొడవును బిగించేశారు. వ్యాసం తనంతట తాను తగ్గింది, పొడవు తగ్గలేకపోయింది. లాగడం మొదలుపెట్టకముందే 1.4% లాగి ఉన్నారన్నమాట. ఆ 13.7 గిగాపాస్కల్ అక్కడిదే. పీజెడ్‌జెడ్ రుణాత్మకం అంటే లాగుడు, ధనాత్మకం అంటే నొక్కుడు. గుర్తు తారుమారు చేసుకోకండి.

సరిదిద్దే వరస:

మినిమైజేషన్‌లో ఫిక్స్ బాక్స్ రిలాక్స్‌ను జెడ్‌కు మాత్రమే, లక్ష్యం 0 బార్‌తో పెట్టండి. తర్వాత 300 కెల్విన్ దగ్గర ఎన్‌పీటీ (పీడనం, ఉష్ణోగ్రత స్థిరం), అదీ జెడ్‌కు మాత్రమే, 50 పికోసెకన్లు. ఐసో, ఆనిసో (మూడు దిశలనూ కలిపి గానీ విడివిడిగా గానీ సరిచేసేవి) రెండూ వద్దు. ఎక్స్, వై దిశల్లో బారోస్టాట్ పట్టుకోవడానికి అక్కడ పదార్థమే లేదు, బాక్స్ దిక్కులేకుండా ఊగుతుంది. చివరి 25 పికోసెకన్ల పొడవు సగటు తీసి, బాక్స్‌ను ఆ పొడవుకు తెచ్చి, ఎన్‌వీటీలో కాసేపు నడిపి అప్పుడు లాగండి.

వేగాలు ఇచ్చేటప్పుడు మొమెంటమ్, రొటేషన్ రెండూ సున్నా చెయ్యండి. పీరియాడిక్ ట్యూబు తన అక్షం చుట్టూ ఏ అడ్డూ లేకుండా తిరగగలదు. థర్మోస్టాట్ ఆ తిరుగుడును కూడా వేడిగానే లెక్కేసుకుంటుంది.

వాలు తీసేటప్పుడు 5% దాకా సరళరేఖ వేయకండి. గ్రాఫీన్ కర్వ్ మొదటినుంచీ వంగే ఉంటుంది. కొలంబియాలో లీ, వెయ్, కైసర్, హోన్ 2008లో ఏఎఫ్‌ఎం (అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు) సూదితో గ్రాఫీన్ పొరను నొక్కి కొలిచినప్పుడు మాడ్యులస్ 1.0 టెరాపాస్కల్, రెండో పదం (స్ట్రెయిన్ వర్గం) గుణకం −2.0 టెరాపాస్కల్ వచ్చాయి. అంటే 2% దగ్గరే వాలు 8% తగ్గుతుంది. వర్గ సమీకరణం వేసి, సున్నా దగ్గరి వాలు తీసుకోండి.

---

సగం_చుట్టు

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. (10,10) పక్కన పెట్టి పోల్చడానికి (10,9) కట్టాను. అదే 100 ఆంగ్‌స్ట్రామ్ పొడవు ఇచ్చా. మొదటి అడుగులోనే బాక్స్ అంచు దగ్గర చిరిగిపోతోంది. ఎందుకు?

---

బార్_నుంచి_న్యూటన్

చాపను చుట్టినప్పుడు అంచు అంచుకు కలిస్తే చాలదు, నేత గళ్లు కూడా కలవాలి. పీరియాడిక్ బాక్స్‌లో పొడవు చివర్లకూ ఇదే షరతు. ట్యూబు నమూనా ఎంత పొడవుకు ఒకసారి తిరిగి వస్తుందో, బాక్స్ దానికి పూర్ణాంక గుణిజంగా ఉండాలి.

లెక్క: ఎన్² + ఎన్×ఎమ్ + ఎమ్² తీసి, వర్గమూలాన్ని 2.46తో గుణిస్తే చుట్టుకొలత. (2ఎన్+ఎమ్), (2ఎమ్+ఎన్) రెండిటి గసాభా తియ్యండి. √3 × చుట్టుకొలత ÷ గసాభా, అదీ యూనిట్ పొడవు. అందులో పరమాణువులు 4 × (ఎన్² + ఎన్×ఎమ్ + ఎమ్²) ÷ గసాభా.

(10,10)కి గసాభా 30. యూనిట్ 2.46 ఆంగ్‌స్ట్రామ్, 40 పరమాణువులు. (17,0)కి గసాభా 17. యూనిట్ 4.26, 68 పరమాణువులు. మీ (10,9)కి 29, 28ల గసాభా 1. అంతే, యూనిట్ ఒక్కసారిగా 70.1 ఆంగ్‌స్ట్రామ్‌కు, 1,084 పరమాణువులకు లేచింది. 100 ఎలా కుదురుతుంది? 70.1 గానీ 140.3 గానీ పెట్టండి.

పోలిక కోసమే అయితే (17,0) చాలు. వ్యాసం 13.3 ఆంగ్‌స్ట్రామ్, (10,10)ది 13.6. పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త: (10,10)ను ఆర్మ్‌చెయిర్ అంటారు, (17,0)ను జిగ్‌జాగ్ అంటారు. ఆర్మ్‌చెయిర్ ట్యూబును పొడవుగా లాగడం అంటే గ్రాఫీన్‌ను జిగ్‌జాగ్ దిశలో లాగడం. ట్యూబు పేరు చుట్టుకొలత అంచును బట్టి వచ్చింది, అక్షాన్ని బట్టి కాదు. జిగ్‌జాగ్ ట్యూబులో మూడో వంతు బంధాలు సరిగ్గా అక్షం వెంటే ఉంటాయి, లాగుడంతా వాటి మీదే పడుతుంది. ఆర్మ్‌చెయిర్‌లో మూడో వంతు బంధాలు అడ్డంగా పడుకుని ఉంటాయి, మిగతావి 30 డిగ్రీల వాలులో. అందుకే జిగ్‌జాగ్ ముందు తెగుతుంది.

---

కటాఫ్_కాపలా

మూడో సమస్య నాకు వదిలేయండి.

9 గిగాపాస్కల్‌ను పైన చెప్పిన 24.9తో గుణిస్తే 224 గిగాపాస్కల్. లీ బృందం గ్రాఫీన్‌లో కొలిచిన బలం 130, తెగే స్ట్రెయిన్ దాదాపు 25%. మీ ట్యూబుకు అంత బలం నిజంగా లేదు, పొటెన్షియల్ అరువిచ్చింది.

మీ ఎయిరెబో చెందిన రెబో కుటుంబంలో కార్బన్–కార్బన్ బంధాన్ని 1.7 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర మొదలుపెట్టి 2.0 దగ్గర సున్నా అయ్యేలా ఒక స్విచింగ్ ఫంక్షన్ ఆపుతుంది. శక్తి నున్నగానే దిగుతుంది. కానీ బలం అంటే ఆ శక్తి వాలు కదా. సహజంగా పోవాల్సిన దూరం కంటే తక్కువ దూరంలో శక్తిని సున్నాకు దించాలంటే వాలు నిటారవ్వాల్సిందే. బంధం 1.7 దాటగానే మెత్తబడాల్సింది పోయి బిగుసుకుంటుంది. మీరు చూసిన ఎగుడు అదే.

నమ్మకం కుదరకపోతే ఒవిటోలో (పరమాణువులను బొమ్మగా చూపే సాఫ్ట్‌వేర్) చూడండి. కర్వ్ లేచే ఫ్రేమ్‌ను తెరిచి బంధం పొడవుల హిస్టోగ్రామ్ వేయండి. కుడివైపు కొన సరిగ్గా 1.7 గీతకు ఆనుకుని, అక్కడే గుంపు కట్టి ఉంటుంది. ఒక్క బంధం కూడా హాయిగా దాటిపోదు, గోడకు నెట్టిన జనంలా నిలబడి ఉంటాయి.

మందు: సీహెచ్ ఎయిరెబో పారామీటర్ ఫైలును కాపీ చేసుకోండి, అసలు ఫైలును ముట్టుకోవద్దు. మొదట్లోనే కార్బన్–కార్బన్‌కు కనిష్ఠ కటాఫ్ 1.7 అని ఉంటుంది. దాన్ని 1.92 చెయ్యండి. కొందరు నేరుగా 2.0 పెడతారు. గరిష్ఠం 2.0 అలాగే ఉంచండి. గ్రాఫీన్‌లో రెండో పొరుగు 2.4 పైనే ఉంది కాబట్టి పొరపాటున కొత్త బంధాలు లెక్కలోకి రావు.

దీనికీ ఖర్చుంది. బంధం ఇప్పుడు 1.92–2.0 మధ్య ఇరుకులో ఠపీమని తెగుతుంది, శక్తి నిలకడ దెబ్బతింటుంది. తెగే దశలో టైమ్‌స్టెప్ 0.25 ఫెమ్టోసెకనుకు తగ్గించండి. తెగిన తర్వాత అంచులు మళ్లీ అతుక్కోవడం, బంధం తిరగబడి స్టోన్–వేల్స్ లోపం ఏర్పడటం లాంటివి ఈ మార్చిన ఫైలుతో చూస్తే నమ్మొద్దు. లాగి తెంపడానికి మాత్రమే ఇది.

ప్రయోగాలతో పోల్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 2000లో యూ, రూఆఫ్ బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లోపలే 19 మల్టీవాల్ ట్యూబులను లాగి తెంపింది. బయటి పొర బలం 11 నుంచి 63 గిగాపాస్కల్ మధ్య వచ్చింది. ఒర నుంచి కత్తి దూసినట్టు బయటి పొర తెగి లోపలి పొరలు జారి బయటికొచ్చాయి. లోపం లేని ట్యూబుకు 100 పైన వస్తే భయపడక్కర్లేదు. ఒకటి రెండు పరమాణువులు తీసేసి నడిపితే ఎంత పడిపోతుందో మీకే తెలుస్తుంది.

---

షెల్_మెకానిక్

నాలుగోదానికి మందం 0.066 నానోమీటర్, మాడ్యులస్ 5.5 టెరాపాస్కల్ పెట్టండి, సరిపోతుంది. యాకబ్‌సన్, బ్రాబెక్, బెర్న్‌హోల్క్ 1996లో ఇచ్చిన జంట అది.

---

బార్_నుంచి_న్యూటన్

బక్లింగ్‌కు (నొక్కితే ముడత పడటానికి) సరే. కానీ అదే మందం పెట్టి స్ట్రెస్ కూడా రిపోర్ట్ చేస్తే గ్రాఫీన్ బలం 600 గిగాపాస్కల్ పైనే అని రాయాల్సి వస్తుంది. అది చూసిన రివ్యూయర్ పేపర్‌ను ఏం చేస్తాడో చెప్పక్కర్లేదు.

---

షెల్_మెకానిక్

ఒప్పుకుంటాను, సగమే చెప్పాను. పూర్తిగా రాస్తాను.

ఒక్క పరమాణువు మందం ఉన్న పొరకు రెండే నిజమైన కొలతలు. పొరను సాగదీయడానికి పట్టే గట్టిదనం (సీ అందాం), పొరను వంచడానికి పట్టే గట్టిదనం (డీ అందాం). సీ మీటరుకు 340–360 న్యూటన్. డీ ఎలక్ట్రాన్‌వోల్ట్‌లలో. మందం మనం పెట్టుకున్న ముసుగు.

మామూలు రేకులో రెండూ ఒకే మందం నుంచి వస్తాయి. సాగుడుకు మందం, వంపుకు మందం ఘనం. వంచినప్పుడు బయటి పక్క సాగుతుంది, లోపలి పక్క నొక్కుకుంటుంది. ఇక్కడ బయటి పక్క, లోపలి పక్క అనేవే లేవు. వంపును అడ్డుకునేది బంధాల మధ్య కోణాలూ, π ఆర్బిటాళ్ల వరస చెదరడమూ. 0.34 పెడితే డీ 22 ఎలక్ట్రాన్‌వోల్ట్‌లు వస్తుంది. నిజానికి అది ఒకటి–ఒకటిన్నర. మీ 29% పుట్టింది అక్కడే.

0.066, 5.5 జంట ఏం చేస్తుందంటే, సీ 363, డీ 0.85 ఒకేసారి వచ్చేలా మందాన్ని వెనక్కి లెక్కగడుతుంది. ఫైనైట్ ఎలిమెంట్ షెల్‌లో మందం అడిగే గడిలో వేయడానికి పనికొస్తుంది, అంతవరకే. 5.5ను 0.066తో గుణించి 0.34తో భాగించండి, 1.07 వస్తుంది. మీరు చదివిన రెండు పేపర్లూ ఒకే గట్టిదనాన్ని చెప్తున్నాయి.

మందం లేకుండా రాస్తే షెల్ ముడత పడే స్ట్రెయిన్ = 4 × √(డీ ÷ సీ) ÷ వ్యాసం. డీ 0.85తో లవం 0.078 నానోమీటర్, మీ 1.356 వ్యాసానికి 5.7%. కానీ ఆ 0.85 పాత తరం టెర్సాఫ్–బ్రెన్నర్ పొటెన్షియల్‌ది. డైహెడ్రల్ పదం చేర్చిన రెండో తరంలో 1.4 దగ్గర వస్తుంది, దానితో 7.4%. మీకు 6% వచ్చింది. 300 కెల్విన్ కుదుపులకు కొంత ముందే పడిపోవడం మామూలే.

మీ పొటెన్షియల్ డీ ఎంతో మీరే తీయొచ్చు, అరగంట పని. (8,8), (10,10), (15,15), (20,20) కట్టి, పొడవు కూడా వదిలి, 0 కెల్విన్ దగ్గర మినిమైజ్ చేసి, ఒక్కో పరమాణువు శక్తిని 1 ÷ వ్యాసార్థం² మీద గీయండి. వాలు = డీ × పరమాణువు వైశాల్యం ÷ 2. బంధం 1.40 అయితే ఆ వైశాల్యం 2.55 చదరపు ఆంగ్‌స్ట్రామ్. (10,10)కి చదును గ్రాఫీన్ కంటే 0.04 ఎలక్ట్రాన్‌వోల్ట్ ఎక్కువ వస్తే డీ 1.4 దగ్గరున్నట్టే. మినిమైజేషన్ టాలరెన్స్ వదులుగా పెడితే ఈ 0.04లోనే తప్పు కలిసిపోతుంది, గట్టిగా పెట్టండి.

పొడవు ట్యూబు విల్లులా వంగడం ఆయిలర్ వంపు, గోడ మందంతో దానికి పనే లేదు. పలచని గొట్టానికి, రెండు చివర్లూ బిగించి ఉంటే, స్ట్రెయిన్ = (π² ÷ 2) × (వ్యాసం ÷ పొడవు)². మీది బిగించలేదు, పీరియాడిక్. అయినా ఫలితం ఇదే, ఎందుకంటే బాక్స్‌లో పట్టే అతి పొడవైన అల బాక్స్ పొడవంతే. 246 ఆంగ్‌స్ట్రామ్‌కు వేయండి: సరిగ్గా 1.5%. 98.4కు 9.4%, అంతకుముందే షెల్ ముడత వచ్చేసింది. రెండిటి హద్దు ఈ వ్యాసానికి 11–12.6 నానోమీటర్ల మధ్య ఉంది. మీ రెండు ట్యూబులూ ఆ హద్దుకు అటొకటి, ఇటొకటి.

---

కర్బన_చాప

అందరికీ చాలా థ్యాంక్సండీ. జెడ్ రిలాక్స్ చేశాక సున్నా దగ్గర పీజెడ్‌జెడ్ పదుల బార్‌ల మధ్య ఊగుతోంది, అంతే. 1.92 పెట్టాక ఎగుడు పూర్తిగా పోయింది. ఇప్పుడు ఒకటే అనుమానం. అయిదుసార్లు నడిపాను, అయిదుసార్లూ ట్యూబు ఒకే చోట, ఒకే అడుగులో తెగింది. అక్కడ కట్టడంలో ఏదైనా లోపం ఉందా? బంధాలు వెతికాను, ఏమీ కనిపించలేదు.

---

కటాఫ్_కాపలా

వెలాసిటీ క్రియేట్‌లో సీడ్ (మొదటి వేగాలను యాదృచ్ఛికంగా ఎంచడానికి ఇచ్చే సంఖ్య) మార్చారా? అదే సీడ్, అన్నే కోర్లు అయితే అయిదుసార్లు నడిపినా అది ఒకే రన్. సీడ్ మార్చి నడపండి, తెగే చోటూ మారుతుంది, తెగే స్ట్రెయిన్ కూడా కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. సీడ్ మార్చినా అక్కడే తెగితే అప్పుడు ఆ ఫ్రేమ్ ఇక్కడ పెట్టండి.